సాంచల వణుకు కాదది, నా గుండె

నా గుండె ఇప్పుడు నాకు వినవడుతలేదు. గీ ఒక్క ముక్క రాసెతందుకే పొద్దటిసంది చెయ్యి ఉరుకులాడుతున్నది. మీకు గిది పెద్ద సంగతి అనిపించకపోవచ్చు, ఎవల గుండె వాళ్లకు వినవడుతదా అని నవ్వుతుండొచ్చు. నాకు పన్నెండేండ్లు వినవడ్డది. గొంతుల కొట్టుకున్నది, చెవులల్ల కొట్టుకున్నది, ఆఖరికి పండ్లల్ల గూడ కొట్టుకున్నది. గిప్పుడు సప్పుడే లేదు. కూసుంటున్న, లేస్తున్న, మెట్లెక్కుతున్న, ఏం లేదు! నా అసొంటోళ్లు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నరో, వాళ్లకు తెల్వాలెనని గిది రాస్తున్న. మా ఇంటామె సుజాత జర నిమ్మలంగ రాయి, ఎగిరెగిరి పడకు అంటున్నది. నిమ్మలం నాతోటి అయ్యే పనేనా.

నా పేరు రాజేశం. నలభై ఒకటి నడుస్తున్నయి. సిరిసిల్లల సాంచల మీద పని చేస్త. సాంచలంటే మరమగ్గాలు, మా దిక్కు అట్లనే అంటరు. ఆరు సాంచలు నేనొక్కన్నే చూసుకుంట. నూలు చుట్టిన కండె అయిపోతె మార్చుడు, పోగు తెగితె ముడేసుడు, గీ చివరిసంది గా చివరిదాక ఉరుకుడు. షెడ్ల అన్ని సాంచలు ఒక్కపారి నడుస్తుంటె నేల అదురుతది, గోడ అదురుతది, మనిషి అదురుతడు. ఇంటికొచ్చి కూసున్నంక గూడ ఒళ్లు, గుండె కొద్దిసేపు అదురుతనే ఉంటయి. షెడ్ల చేసెటోళ్లందరికి గంతే. మా షెడ్ల దాన్ని సాంచ పట్టుడు అంటరు.

అగో, గక్కడనే నేను మోసపోయిన.

మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఇరవై తొమ్మిదేండ్లు. తెగిన పోగు ముడేద్దామని వంగిన. వంగిన కాడనే గుండె టక్కున అందుకున్నది. కొట్టుకునుడు కాదది, లోపట ఎవలో గుర్రం తోలినట్టే. చెమటలు వట్టినయి. మా షెడ్ల పెద్దమనిషి నర్సయ్య మామ ఉండె. ఆయనకు చెప్తె నవ్విండు. సాంచ పట్టింది రా నీకు, రంజన్ కుండల చల్లటి నీళ్లు బకెట్ల పోసుకొని మొహం ముంచు, ఊపిరి బిగవట్టు అన్నడు. ముంచిన. పది లెక్కపెట్టే లోపట ఠక్కున ఆగింది, స్విచ్ బందు చేసినట్టు. లేచి తుడుసుకొని మళ్ల సాంచల నడుమకు వోయిన. నర్సయ్య మామ నాకు దేవుని లెక్క కనవడ్డడు.

గట్ల పన్నెండేండ్లు గడిపిన. మొదట ఏడాదికి రెండుమూడు సార్లు వచ్చేది. తర్వాత నెలకోసారి. తర్వాత వారానికోసారి. వచ్చిన ప్రతిసారి బకెట్, నీళ్లు, మొహం. తోటోళ్లకు సాంచ పడితె మెల్లగ పట్టి మెల్లగ వదులుతది. నాది టక్కున మొదలై ఠక్కున ఆగుతది. గింత తేడా ఉన్నా ఒక్కపారి గూడ ఆలోచన చెయ్యలే. బుర్ర ఉండాలె గదా. సుజాతకు గూడ చెప్పలే. అందరికి ఉండేదాని గురించి ఇంట్ల చెప్పి పరేషాన్ చేసుడెందుకు అనుకున్న.

పోయిన ఏడు చలికాలం, పొద్దుగాల్ల షిఫ్ట్ ఎక్కిన గంటకే వచ్చింది. బకెట్ కాడిదాక పోయేటంత టైమ్ ఇయ్యలే. కండ్లు చీకట్లు కమ్మినయి. గంతే యాదికున్నది. పక్క సాంచలు చూసే ఖాజా భాయ్ నా అంగి కాలర్ దొరకవట్టి ఎనుకకు గుంజిండట. నా కుడిచెయ్యి నడుస్తున్న సాంచకు బెత్తెడు దూరంల ఆగిందట. కండ్లు తెరిచేసరికి నూలు సంచుల మీద పండి ఉన్న. ఖాజా భాయ్ మొహం తెల్లగ పాలిపోయింది. ఇరవై ఏండ్ల దోస్తాన్‌ల ఆయన్ను గట్ల ఎన్నడు చూడలే.

సుజాత ఇంట్ల కండెలు చుడుతది. ఎవలో చెప్తె చెప్పుల్లేకుంట ఉరికొచ్చింది. ఖాజా భాయ్ మొత్తం చెప్పిండు, బకెట్ సంగతితో సహా. పన్నెండేండ్లు అన్న మాట ఇని ఆమె నన్ను తిడ్తదనుకున్న. తిట్టలే. నా కుడిచెయ్యి తన రెండు చేతులల్ల వట్టుకొని, వేళ్లు ఒక్కొక్కటి ముట్టుకొని చూసింది. ఇంటికి వోయినంక అన్నది.

"డాక్టర్ నోటెంట నయమైందని నేను ఇనాలె. గప్పటిదాక నువ్వు షెడ్ల కాలు వెట్టొద్దు. వెట్టినవా, నేను గీ ఇంట్ల ఉండ."

సుజాత ఊకె మాట అనదు. అన్నదంటె అన్నట్టే. నాకేమో పదహారేండ్ల వయసుకెల్లి సాంచలు తప్ప ఇంకో పని తెల్వది. పొద్దుగాల్ల ఎనిమిది కాంగనే వీధిల అందరు షెడ్లకు వోతుంటె, నేను గడపల కూసొని చూస్తుంటి. ఏడుపొచ్చేది. ఎందుకు దాచుకోవాలె, నిజంగనే ఏడ్చిన. మళ్ల సాంచల నడుమ నిలవడుతనా లేదా, నాకు గదొక్కటే ఫికర్.

ఇగ దవాఖాన్లు మొదలైనయి. చలికాలం పోయి ఎండలు ముదిరేదాక సిరిసిల్లల, కరీంనగర్‌ల ఎన్ని బెంచీల మీద కూసున్ననో లెక్క లేదు. ఈసీజీ తీసుడు, మంచిగున్నది అనుడు. ఒకాయన గ్యాస్ అన్నడు. ఒకాయన టెన్షన్ అన్నడు. మా బావమరిది అయితె పని చెయ్యబుద్ధి గాక నకరాలు అన్నడు, నా ముంగటనే. నన్ను కన్న మా అవ్వ గాలి సోకిందని కొండగట్టుకు తోలుకపోయి అంజన్న ముంగట నిలవెట్టింది. నయమైతె నడిచి వస్తమని మొక్కింది. నా కాళ్లతోటి మొక్కింది, తన కాళ్లతోటి కాదు. గా మాటంటె సుజాత శానా రోజులకు నవ్వింది.

నడుమ నడుమ ఇంటికాడ మళ్ల వచ్చేది. రాంగనే అలవాటు కొద్ది బకెట్ల మొహం ముంచేది. ఆగిపోయేది. ఆగినంక తీరుబడిగ అంగి ఏసుకొని దవాఖానకు ఉరికేది. వాళ్లు ఈసీజీ తీసేది, మంచిగున్నది అనేది. మంచిగ ఉండక ఏంజేస్తది? ఇప్పుడు రాస్తుంటె నాకే సిగ్గయితున్నది.

కరీంనగర్‌ల ఒక డాక్టరమ్మ దొరికింది. సన్నగ, చిన్న వయసు. నా కాయితాలన్ని పక్కకు వెట్టి, అది వచ్చినప్పుడు మీరు ఏం చేస్తరో చెప్పుండ్రి అన్నది. ఎవలు అడగని మాట అది. నేను హుషారుగ బకెట్ కథంత చెప్పిన, నర్సయ్య మామ పేరుతో సహా. ఆమె పెన్ను కింద వెట్టింది.

"రాజేశం గారు, దొంగ ఇంట్లకు రాంగనే మీరే తలుపు తీసి ఎల్లగొడుతున్నరు. పోలీసులను తర్వాత పిలుస్తున్నరు. ఇగ ఎట్ల దొరుకుతడు?"

అప్పుడు చెప్పింది. ఇది సాంచల వణుకు కాదు. గుండెల కరెంటు పోవాల్సిన దారి పక్కపొంటి ఇంకో సన్న దారి ఉన్నట్టుంది, కరెంటు దాంట్ల వడి గుండ్రంగ తిరుగుతున్నది కావచ్చు. చల్లటి నీళ్లు, ఊపిరి బిగవట్టుడు దాన్ని ఆపుతయి, కని మాన్పయి. గా దారిని కాల్చేసే పద్ధతి ఉన్నది, అబ్లేషన్ అంటరు. అయితె ముందుగాల అది నడుస్తున్నప్పుడు ఈసీజీ దొరకాలె. మళ్ల వస్తె బకెట్ ముట్టొద్దు, పక్కపొంటి మనిషిని వెట్టుకొని దగ్గరున్న దవాఖానకు వోవాలె. కండ్లు చీకట్లొస్తె, ఛాతిల నొప్పి లేస్తె మాత్రం మొండితనం చెయ్యొద్దు, ఉన్న కాడనే పండుకొని అంబులెన్స్‌ను పిలువాలె. సుజాత గివన్ని చీటీ మీద రాయించుకొని రవికెల వెట్టుకున్నది.

ఇగ సూడుండ్రి మా ఇంట్ల తమాషా. పన్నెండేండ్లు రావొద్దు రావొద్దు అన్న మనిషిని, ఎప్పుడొస్తదా అని ఎదురుచూసుడు మొదలువెట్టిన. సరిగ్గ గప్పుడే అది మొహం చాటేసింది. పదిహేను రోజులు రాలే. వంగి చూసిన, లేచి చూసిన, రాలే. నయమైనట్టే ఉన్నది, షెడ్డుకు వోత అన్న. సుజాత చీటీ తీసి చూపిచ్చింది.

లగ్గాల రోజులు. ఒక పగటిపూట, కండెల సంచి లేపుదామని వంగిన. టక్కున అందుకున్నది. వచ్చింది అని కేకేసిన. పన్నెండేండ్లల్ల మొదటిసారి సంబురంగ కేకేసిన. కని రెండు నిమిషాలకే సంబురం కరిగిపోయింది. గొంతుల దబదబ, పానం అల్లాడుడు. కాళ్లు వాటికవే బకెట్ దిక్కు నడిచినయి. సుజాత నాకన్న ముంగట వోయి బకెట్‌ను కాలితోటి ఒక్క తన్ను తన్నింది. నీళ్లన్ని వాకిట్ల పారినయి.

ఖాజా భాయ్ ఆ రోజు ఇంటికాడనే ఉండె. సుజాత ఫోన్ చెయ్యంగనే బండి తెచ్చిండు. ఆయన నడుపుతుండు, నడుమ నేను, ఎనుక సుజాత నన్ను వట్టుకొని. నీళ్లు లేకున్నా నా కాడ ఇంకో మందు ఉండె. గట్టిగ ఊపిరి బిగవడితె గూడ అది ఆగుతది. బిగవట్టాలె, బిగవట్టాలె అని ఒళ్లంత కొట్లాడుతున్నది. ఆమెకు గది తెలిసింది.

"మాట్లాడు. మాట్లాడుతనే ఉండు. మాట్లాడెటోడు ఊపిరి బిగవట్టలేడు. మన లగ్గంల ఏమేం వడ్డించిన్రో చెప్పు."

చెప్పిన. బగార అన్నం అన్న, పప్పుచారు అన్న, వంకాయ కూర అన్న. తర్వాత ఏముండెనో యాదికి రాలే. మళ్ల అడిగింది. మీ మేనమామ ఎందుకు అలిగిండో చెప్పు అన్నది. చెప్పిన. బజార్ల ఎదురుంగ ఒక లగ్గం ఊరేగింపు, బ్యాండు, ఇటు నుంచి అటు నిండి ఉన్నది. ఖాజా భాయ్ బండి ఆపి, మా అన్నకు పానం బాగలేదు, జర జాగ ఇయ్యుండ్రి అన్నడు. బ్యాండ్ కొట్టేటాయన నా మొహం చూసి వాయించుడు ఆపిండు. పెండ్లికొడుకు కారు ఎనుకకు తీసిన్రు. వాళ్లెవరో నాకు తెల్వది. వాళ్లు సల్లగుండాలె.

దవాఖానల ఈసీజీ తీసే పిల్ల నా ఛాతి మీద వైర్లు వెట్టింది. ఇంకా నడుస్తున్నదా అని సుజాత అడుగుతున్నది. నడుస్తున్నది, నడుస్తున్నది అని నేను. కాయితం బయటికి వచ్చింది. ఆ కాయితం మీద గీతలు రంపం పండ్ల లెక్క ఒక్కదానెంబడి ఒక్కటి. ఆ పిల్ల కండ్లు పెద్దగ చేసి డాక్టర్‌ను పిలిచింది. నేను చప్పట్లు కొట్టిన. ఖాజా భాయ్ అల్లాకు షుక్రియా చెప్పిండు. సుజాత కాయితం ముట్టుకొని నిలవడ్డది. డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చిండు. ఒక్క గడియ పాతాళంల వడ్డట్టయింది, పానం పోయిందనుకున్న, తర్వాత మామూలైంది. మా బావమరిదికి ఆ కాయితం ఫోటో సుజాతనే పంపింది.

వానలు మొదలైనంక కరీంనగర్‌ల అబ్లేషన్‌కు రమ్మన్నరు. హైదరాబాద్ నుంచి వారానికోసారి వచ్చే డాక్టర్ సార్ చేస్తడట. గిప్పుడు మా అవ్వ అడ్డం తిరిగింది. గుండెను కాలుస్తరా, బతికున్న మనిషి గుండెను కాలుస్తరా అని వెయిటింగ్ హాల్‌ల నా చెయ్యి ఇడువలే. ఎదురుంగ ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ కూసొని ఉండె. ఆమెకు ముందటి రోజే అయిందట, ఇంటికి పోనీకి కాయితాల కోసం చూస్తున్నది. లేచి మెల్లగ మా కాడికి వచ్చి అవ్వ పక్కన కూసున్నది. అవ్వ చెయ్యి తీసుకొని తన ఛాతి మీద వెట్టుకున్నది.

"చూడు అవ్వా, నిన్న నాకూ గదే చేసిన్రు. గుండె ఉన్నదా లేదా నువ్వే చెప్పు."

అవ్వ శానాసేపు చెయ్యి తియ్యలే. తర్వాత నా చెయ్యి ఇడిచిపెట్టింది.

లోపట చలి. సన్నటి బల్ల మీద పండవెట్టిన్రు. మత్తు పూర్తిగ ఇయ్యలే, తెలివి ఉన్నది. తొడ మొదట్ల సూదితోటి మొద్దువారగొట్టి గక్కడినుంచి సన్నటి తీగలు గుండెదాక పంపిన్రు. నొప్పి తక్కువ, భయం ఎక్కువ. సార్ చెప్పిండు, ఇప్పుడు మేమే మీ దడను లేపుతం, లేస్తెనే దాని జాగ దొరుకుతది అని. లేపిన్రు. రాలే. మళ్ల లేపిన్రు. రాలే. నాకు చెమటలు. గింతదాక వచ్చి గిప్పుడు మొహం చాటేస్తె నా సాంచలు పోయినట్టే గదా. మనసుల దాన్ని బతిమాలిన, తిట్టిన, మళ్ల బతిమాలిన. సార్ ఏదో మందు ఎక్కించుమన్నడు, ఇంకోపారి చూద్దాం అన్నడు.

టక్కున అందుకున్నది.

"గదే సార్. గదే. ఇడువకుండ్రి దాన్ని."

లోపట ఉన్నోళ్లందరు నవ్విన్రు. ఛాతిల కొద్దిగ మంట లేసింది, దవడ దిక్కు గుంజినట్టయింది, ఓర్సుకున్న. కొన్నిసార్లు కాల్చిన్రు. తర్వాత అసలు పరీక్ష. అరగంట సేపు దాన్ని మళ్ల మళ్ల పిలిచిన్రు. మందు వెట్టి పిలిచిన్రు. రాలే. గీసారి రాకపోతుంటె నాకు రెక్కలొచ్చినట్టయింది. ఇంకోపారి పిలువుండ్రి సార్ అన్న. పిలిచిన్రు. రాలే. పోయింది రాజేశం అన్నడు సార్. చేతులు కదిలియ్యొద్దన్నరు కాబట్టి కండ్లనీళ్లు చెవులల్లకు కారినయి, నర్సమ్మ దూదితోటి తుడిచింది.

కాలు కదిలియ్యకుంట చాలాసేపు ఎల్లెలకల పండాలె. నడుము ఇరిగిపోయింది, గదొక్కటి ముందే తెలుసుకొని పోతె మంచిది. సార్ చూసెతందుకు వస్తె సుజాత లేచి నిలవడి అడిగింది, నయమైందా అని. నయమైనట్టేనమ్మా అన్నడు. అట్టేనా అని ఆమె మళ్ల అడిగింది. ఆయన మంచోడు, అబద్ధం చెప్పలే. కొందరికి మళ్ల వస్తది, వస్తె మళ్ల చేస్తం, ఈయనకు మాత్రం మంచిగ జరిగింది, రెండు వారాలైనంక షెడ్డుకు పోవచ్చు అన్నడు. సుజాత తలూపింది. అట్టే అన్న మాట ఆమెకు ముల్లు లెక్క గుచ్చుకున్నదని నాకు తెలుసు.

గా రెండు వారాలు ఇంకో కష్టం. గుండె ఒక్క దెబ్బ తప్పినా ఇద్దరం బిగుసుకపోయేది. వచ్చిందా అని ఆమె, లేదు అని నేను. దగ్గినా అడిగేది, తుమ్మినా అడిగేది. అలిసిపోయి ఒకనాడు కసిరిన. ఆమె గూడ కసిరింది. సాంచకు బెత్తెడు దూరంల ఆగిన చెయ్యి నీది, కలల చూసేది నేను అన్నది.

షెడ్డుకు వోయే పొద్దు వచ్చింది. నేను అంగి ఏసుకునేలోపట సుజాత గూడ తయారైంది. కండెల గంప చంకల వెట్టుకొని నా ఎంబడి నడిచింది. షెడ్ తలుపు కాడ ప్లాస్టిక్ స్టూల్ ఏసుకొని, నేను కనవడేటట్టు కూసున్నది. షెడ్ నడిపే ఆసామి చూసి తన పనిల తను వడ్డడు. ఖాజా భాయ్ దూరంకెల్లి సలాం కొట్టిండు.

స్విచ్ ఏసిన. ఒక్కొక్కటిగ ఆరు సాంచలు అందుకున్నయి. నేల అదిరింది. నా గుండె గూడ లేసింది. అయిపోయింది అనుకున్న. సుజాత దిక్కు చూసిన, ఆమె అప్పటికే లేచి నిలవడ్డది. గొంతు మీద రెండు వేళ్లు వెట్టుకొని నిలవడ్డ. అది టక్కున దుంకలే. మెట్లెక్కినట్టు మెల్లగ ఎక్కింది. ఎక్కి కొద్దిసేపు నిలవడ్డది. తర్వాత మెల్లగ దిగింది, తనంతట తనే. బకెట్ లేదు, ఊపిరి బిగవట్టుడు లేదు. భయం. ఉత్త భయం. అందరికి ఉండేదే. పన్నెండేండ్లల్ల ఉత్త భయం ఎట్లుంటదో నాకు తెల్వనే లేదు, నవ్వొచ్చింది. గా సప్పుడుల మాట వినవడదు, చేతితోటి సుజాతకు చూపిచ్చిన, దిగింది అని. ఆమె కూసున్నది.

మూడో సాంచల పోగు తెగింది. వంగిన, ముడేసిన, లేసిన. ఐదో సాంచల కండె అయిపోయింది. ఉరికిన. మళ్ల మొదటిదాని కాడికి ఉరికిన. పని చేతులల్లకు తిరిగొచ్చింది, ఇగ టైమ్ తెల్వలే. కొద్దిసేపటికి ఖాజా భాయ్ నా భుజం తట్టి తలుపు దిక్కు చూపిచ్చిండు. స్టూల్ ఖాళీగ ఉన్నది. కండెల గంప లేదు. ఇగ నాకు కావలి అక్కర లేదనుకున్నదేమో, సుజాత నాకు ఒక్క మాట చెప్పకుంట ఇంటికి వోయింది.